పోయిన ఏడాది ఇదే తేదీ, ఇదే రోజు కాదు

2024 అక్టోబరు 12 శనివారం. ఆ రోజు విజయదశమి. 2025 అక్టోబరు 12 ఆదివారం. అప్పటికి పండగ అయిపోయి పది రోజులైంది, ఊళ్లకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చేశారు. ఆర్టీసీ టికెట్ల లెక్కలను ఒక అనలిటిక్స్ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి, ఈ రెండో తేదీని ‘పోయిన ఏడాది ఇదే రోజు’తో పోల్చమంటే క్షణంలో ఒక శాతం చెబుతుంది. పక్కన ఎర్ర బాణమో పచ్చ బాణమో గీస్తుంది. తీసివేత, భాగహారం సరిగ్గానే ఉంటాయి. ఆ శాతం మాత్రం దేనికీ పనికిరాదు. ఒకవైపున్నది పండగ రోజు, రెండోవైపున్నది మామూలు ఆదివారం.

ఇప్పుడు బస్సు డిపోల నుంచి జంతు ప్రదర్శనశాలల దాకా, మెట్రో స్టేషన్ల నుంచి ఆలయాల దాకా రోజువారీ టికెట్ల అమ్మకం కంప్యూటర్ తెర మీద గ్రాఫుగా కనిపిస్తోంది. ఏ రూటుకు బస్సు పెంచాలి, ఏ రూటులో తగ్గించాలి, ఎవరికి సెలవు ఇవ్వాలి, క్యూలైను దగ్గర ఎంతమంది సిబ్బంది ఉండాలి అన్న నిర్ణయాలు ఆ గ్రాఫు చూసి తీసుకుంటున్నారు. చెయ్యాల్సిన పనే. అయితే ఆ పోలిక వెనుక ఒక ఊహ దాగి ఉంది. సూర్యుడి చుట్టూ భూమి ఒకసారి తిరిగొస్తే జనం అలవాట్లు కూడా అదే చోటికి తిరిగొస్తాయన్నది ఆ ఊహ. దక్షిణాసియాలో జనం ప్రయాణాలు ఒక్క సూర్యుడి లెక్క మీద నడవవు. చంద్రుడున్నాడు, వారం ఉంది, బడి సెలవులున్నాయి. కాస్త వింతగా అనిపించినా, శుక్రగ్రహం కూడా ఉంది.

ముందుగా వారం సంగతి. 365ను 7తో భాగిస్తే 1 మిగులుతుంది. అందుకే ఏటా ఒకే తేదీ ఒక వారం ముందుకు జరుగుతుంది, మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే రెండు వారాలు జరుగుతుంది. సంక్రాంతి 2024లో సోమవారం వచ్చింది, 2025లో మంగళవారం. ఈ ఒక్క రోజు తేడాతో హైదరాబాద్ నుంచి కోస్తాకు వెళ్లే రద్దీ రూపమే మారిపోతుంది. 2024లో భోగి ఆదివారం కాబట్టి ఉద్యోగులు శుక్రవారం రాత్రి, శనివారం బస్సెక్కాలి. 2025లో భోగి సోమవారం. శనివారం, ఆదివారం రెండూ ప్రయాణానికి దొరికాయి. మొత్తం ప్రయాణికులు సమానంగానే ఉన్నా, రద్దీ రెండు రోజుల్లో కుక్కుకుందా మూడు రోజుల్లో పరుచుకుందా అన్న దాన్ని బట్టి ఎన్ని ప్రత్యేక బస్సులు కావాలో తేలుతుంది. తేదీకి తేదీ పోల్చిన గ్రాఫు దీన్ని ఒక రోజు పెరుగుదలగా, మరో రోజు తరుగుదలగా చూపిస్తుంది.

ఈ చిక్కుకు విరుగుడు తేలిక. 365కు బదులు 364 రోజులు వెనక్కి వెళ్లి పోలిస్తే శనివారానికి శనివారమే ఎదురవుతుంది. గూగుల్ అనలిటిక్స్‌లో వారాన్ని సరిపోల్చి చూసే వెసులుబాటు ఉంది. పవర్ బీఐలో ‘సేమ్ పీరియడ్ లాస్ట్ ఇయర్’ అనే సూత్రం మాత్రం తేదీలను సరిగ్గా ఒక ఏడాది వెనక్కి జరుపుతుంది. వారం గురించి దానికి పట్టింపు లేదు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది అనడానికి లేదు. అడిగిన ప్రశ్నకే అది జవాబిచ్చింది.

చంద్రుడి దగ్గరికొస్తే 364 కూడా పనిచేయదు. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజుల చిల్లర. దసరా 2023లో అక్టోబరు 24న వచ్చింది. అక్కడి నుంచి 354 రోజులకు 2024 అక్టోబరు 12న, ఆపై 355 రోజులకు 2025 అక్టోబరు 2న వచ్చింది. ఇలాగే వదిలేస్తే దసరా ఎండాకాలానికి చేరుకుంటుంది. కాబట్టి సుమారు 33 నెలలకోసారి అధిక మాసం చేర్చి లెక్క సరిచేస్తారు. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది గనుక దసరా మళ్లీ అక్టోబరు మూడో వారంలోకి వెళ్తుంది. రంజాన్‌కు ఈ సర్దుబాటు లేదు. ఈదుల్ ఫితర్ మన దేశంలో 2023లో ఏప్రిల్ 22న, 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న జరిగింది. మూడేళ్లలో పండగ ఒక నెలలోంచి మరో నెలలోకి జరిగిపోయింది.

నెలవారీ నివేదికలను ఇది నిశ్శబ్దంగా తారుమారు చేస్తుంది. 2024లో నవరాత్రులు అక్టోబరు 3న మొదలయ్యాయి. వెళ్లే ప్రయాణాలు, వచ్చే ప్రయాణాలు దాదాపు అన్నీ అక్టోబరు ఖాతాలో పడ్డాయి. 2025లో అవి సెప్టెంబరు 22న మొదలై అక్టోబరు 2న ముగిశాయి. వెళ్లడం సెప్టెంబరులో, రావడం అక్టోబరులో. ఇంకో తిరకాసు ఏమిటంటే, ఆ ఏడాది దసరా, గాంధీ జయంతి ఒకే రోజు వచ్చి రెండు సెలవులు ఒకటైపోయాయి. ఒక డిపో మేనేజరు తన పని తాను ఎప్పటిలాగే చేసుకుపోయినా, కాగితం మీద సెప్టెంబరులో మెప్పు, అక్టోబరులో సంజాయిషీ రెండూ రాసిపెట్టినట్టే.

టికెట్ల వరకే ఈ చిక్కు అనుకోనక్కర్లేదు. దేశ పారిశ్రామికోత్పత్తి సూచీ 2023 అక్టోబరులో 11.7 శాతం పెరిగిందని, నవంబరులో 2.4 శాతమే పెరిగిందని మొదటి అంచనాలు చెప్పాయి. నెల రోజుల్లో కర్మాగారాలు చతికిలపడ్డాయా? 2022లో దీపావళి అక్టోబరు 24న, 2023లో నవంబరు 12న వచ్చింది. పండగ సెలవులు ఒక నెల నుంచి మరో నెలకు మారడం ఈ ఎగుడుదిగుడులో ఒక ముఖ్యమైన భాగమని ఆర్థికవేత్తలు అప్పుడే చెప్పారు. అయినా పతాక శీర్షికలకు ఎక్కింది శాతాలే.

ఇక టికెట్ల గ్రాఫులో ఆసక్తికరమైన నెల 2024 మే. బడి సెలవులు, పెళ్లిళ్లు కలిసి తెలుగు రాష్ట్రాల్లో మే నెల బస్సులు కిటకిటలాడటం మామూలు. ఆ ఏడాది మేలో పెళ్లి ముహూర్తాలు లేవు. కారణం శుక్ర మౌఢ్యం, జనం వాడుకలో మూఢం. శుక్రుడు ఆకాశంలో సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి, ఆ వెలుగులో కనిపించకుండా పోయే కాలం అది. 2024 జూన్ 4న శుక్రుడు భూమి నుంచి చూస్తే సూర్యుడికి అవతలి వైపుకు చేరాడు. అలా అవతల ఉన్నప్పుడు సూర్యుడితో పోలిస్తే దాని కదలిక మెల్లగా కనిపిస్తుంది. అందుకే దాగి ఉండే కాలం రెండు నెలలకు పైగా సాగుతుంది. ఇవతలి వైపు నుంచి దాటేటప్పుడు కొద్ది రోజుల్లో తేలిపోతుంది. ఆ మే నెలలోనే గురుడు కూడా సూర్యుడి వెలుగులో మునిగాడు. రెండు మూఢాలూ కలిసి వేసవి ముహూర్తాలను తుడిచిపెట్టాయి.

శుక్రుడు ఒకసారి సూర్యుడి అవతల చేరాక మళ్లీ అదే స్థితికి రావడానికి సగటున 584 రోజులు పడుతుంది. ఇలాంటివి ఐదు కలిపితే 2,920 రోజులు, అంటే దాదాపు సరిగ్గా ఎనిమిదేళ్లు. 2024 జూన్ తర్వాత ఆ సందర్భం 2026 జనవరి 6న వచ్చింది. కళ్యాణ మండపాల బుకింగులకు, పెళ్లి బృందాలు అద్దెకు తీసుకునే బస్సులకు ఈ విధంగా 584 రోజుల ‘రుతువు’ ఒకటుంది. ప్రపంచంలో ఏ వ్యాపార విశ్లేషణ సాఫ్ట్‌వేర్ కూడా అలాంటి రుతువు ఉంటుందని తనంతట తాను ఊహించదు. ముహూర్తాల మీద నమ్మకం ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. నమ్మేవాళ్లు ఆ లెక్క ప్రకారమే బస్సెక్కుతారన్నది పరిశీలించి తెలుసుకోగల వాస్తవం, దాన్ని పట్టించుకోకపోవడమే అశాస్త్రీయం.

2024 మే కథ అంతటితో అయిపోలేదు. మే 13 సోమవారం ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకు, తెలంగాణలో లోక్‌సభ ఎన్నికలకు పోలింగ్ జరిగింది. శని, ఆదివారాలు ముందే ఉండటంతో హైదరాబాద్‌లోని ఆంధ్ర ఓటర్లు సంక్రాంతికి వెళ్లినట్టు ఊళ్లకు వెళ్లారు. ఒక నెలలో పెళ్లిళ్ల రద్దీ మాయమైంది, ఐదేళ్లకోసారి వచ్చే రద్దీ దాని చోటులో కూర్చుంది. మొత్తం తీసి చూస్తే నెల ‘మామూలుగా’ కనిపించినా ఆశ్చర్యం లేదు. 2025 మేను దీనితో పోల్చి వచ్చిన శాతం ఏ నిర్ణయానికి పునాది అవుతుంది?

మేడారం సంగతి చెప్పనే అక్కర్లేదు. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి. 2022లో ఫిబ్రవరి 16 నుంచి 19 దాకా, 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది, 2026లో జనవరి చివరికి జరిగింది. వరంగల్ వైపు డిపోలకు ‘పోయిన ఏడాదితో పోలిక’ అనే మాట ఆ రోజుల్లో ఎప్పటికీ తప్పే.

తేదీల తర్వాత మరో ప్రశ్న. అసలు లెక్కిస్తున్నది దేన్ని? తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. కండక్టరు జీరో టికెట్ ఇస్తాడు. టికెట్ల సంఖ్య ఉంటుంది, ప్రయాణికురాలి చేతి నుంచి డబ్బు రాదు, దాన్ని ప్రభుత్వం చెల్లించాలి. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. ఆ తేదీలకు ముందు, తర్వాత ఉన్న టికెట్ల సంఖ్యలు ఒకే వరుసలో కనిపిస్తాయి గానీ అవి రెండు వేర్వేరు కొలతలు. థర్మామీటరు మార్చి, ఊరు చల్లబడిందనో వేడెక్కిందనో చెప్పడం లాంటిది.

పురావస్తు శాఖ కట్టడాల దగ్గర ఇది తలకిందులవుతుంది. ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం సందర్భంగా గోల్కొండ, చార్మినార్ వంటి చోట్ల ప్రవేశం ఉచితమైతే, జనం ఎక్కువ వచ్చిన రోజే టికెట్ల అమ్మకం శూన్యమవుతుంది. పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఎప్పుడూ టికెట్ లేదు కాబట్టి బడి పిల్లల విహారయాత్రల కాలంలో టికెట్ల సంఖ్య, లోపల నడిచే కాళ్ల సంఖ్య ఒకదానికొకటి దూరమవుతాయి. తాజ్‌మహల్‌లో షాజహాన్ ఉర్సు మూడు రోజులూ ఉచిత ప్రవేశం ఉంటుంది. ఆ ఉర్సు హిజ్రీ తేదీల ప్రకారం జరుగుతుంది, అంటే ఆ ఉచిత రోజులు ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతాయి.

రైల్వే లెక్కల్లో ఇంకో ఉచ్చు ఉంది. టికెట్ కొన్న రోజు, ప్రయాణించిన రోజు ఒకటి కాదు. ముందస్తు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. పాత పద్ధతిలో సంక్రాంతి రైళ్లకు టికెట్ల వేట సెప్టెంబరు మధ్యలో జరిగేది. 2026 సంక్రాంతికి అది నవంబరు మధ్యకు మారింది. అమ్మిన తేదీల వారీగా గ్రాఫు గీస్తే సెప్టెంబరులో కూలిపోయినట్టు, నవంబరులో ఎగిసినట్టు ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్లే అలవాటులో వచ్చిన మార్పు మాత్రం ఏమీ లేదు.

అన్నింటికన్నా ముఖ్యమైనది, తక్కువగా చర్చకు వచ్చేది మరొకటి. టికెట్లు అయిపోయిన రోజు అమ్మకం లెక్క జనం కోరికను చెప్పదు, ఉన్న సీట్లను చెబుతుంది. సీట్లన్నీ నిండిన బస్సులో అన్ని టికెట్లూ అమ్ముడైనట్టు ఉంటుంది. బస్టాండులో ఎక్కలేక మిగిలిపోయింది ఐదుగురా యాభై మందా అన్నది ఏ గడిలోనూ ఉండదు. పండగ ముందు రోజు గ్రాఫు చదునుగా ఉంటే రద్దీ నిలకడగా ఉందని అర్థం కాదు. అది పైకప్పుకు తల తగిలిన గీత. గణాంక శాస్త్రంలో ఇలాంటి లెక్కలను విడిగా చూసే పద్ధతులు ఎప్పటి నుంచో ఉన్నాయి. డ్యాష్‌బోర్డులో అవి కనిపించవు.

తిరుమల ఈ చిక్కులన్నీ ఒకచోట చేరిన ఉదాహరణ. ఎంతమంది దర్శనం చేసుకున్నారో, ఎంతమంది తలనీలాలు ఇచ్చారో, హుండీ ఆదాయమెంతో టీటీడీ రోజూ ప్రకటిస్తుంది. దేశంలో ఇంత క్రమం తప్పకుండా రోజువారీ లెక్క బయటపెట్టే సంస్థలు కొద్ది. కానీ 300 రూపాయల టికెట్లు కోటా ప్రకారం ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. అమ్ముడైన సంఖ్య కోటాను చెబుతుందే తప్ప భక్తుల సంఖ్యను కాదు. ఇక వైకుంఠ ఏకాదశి ధనుర్మాసంలో వచ్చే శుక్లపక్ష ఏకాదశి. మాసం సూర్యుడిది, తిథి చంద్రుడిది. ఈ రెండూ కలవాలి కాబట్టి ఇంగ్లిషు క్యాలెండరులో ఆ పండగ 2023లో రెండుసార్లు, జనవరి 2న, డిసెంబరు 23న వచ్చింది. 2024లో ఒక్కసారీ రాలేదు. 2025లో మళ్లీ రెండుసార్లు, జనవరి 10న, డిసెంబరు 30న వచ్చింది. 2025 జనవరి వైకుంఠద్వార దర్శనాలకు ‘పోయిన ఏడాది’ లెక్క అడిగితే యంత్రం మామూలు జనవరి రోజుల సంఖ్యలే తెచ్చి ముందు పెడుతుంది.

ఆ దర్శనాల టోకెన్ల కోసం 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు మరణించారు. దాన్ని ఒక గ్రాఫుకు అంటగట్టడం సరికాదు. గేట్లు, క్యూలు, ఆ క్షణంలో తీసుకున్న నిర్ణయాలు అన్నీ అందులో ఉంటాయి. అయినా ఎంతమంది వస్తారన్న అంచనా ప్రాణాలతో ముడిపడిన అంకె అనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

ఇవన్నీ కృత్రిమ మేధ దానంతటదే నేర్చుకుంటుందన్న వాదన ఇప్పుడు బాగా వినిపిస్తోంది. ఎన్నిసార్లు చూసి నేర్చుకుంటుందో లెక్కేస్తే ఆ ధీమా తగ్గుతుంది. పదేళ్ల రోజువారీ లెక్కలుంటే 3,650 వరుసలు, పెద్ద నిధిలాగే ఉంటుంది. అందులో దసరాలు పదే. 2020, 2021ని కొవిడ్ పాడుచేసింది, ఎనిమిది మిగిలాయి. అధిక మాసాలు మూడో నాలుగో. మేడారం జాతరలు ఐదు. ఇంత కొద్ది ఉదాహరణల నుంచి చంద్రుడి గమనాన్ని యంత్రం తిరిగి కనిపెట్టాలని ఎదురుచూడటం వృథా ప్రయాస. ఆ గమనం శతాబ్దాలుగా మనకు తెలుసు, ముందే చెప్పగలం. దాన్ని యంత్రానికి చెబితే సరిపోతుంది.

చెప్పే దారులూ ఉన్నాయి. అమెరికా జనగణన సంస్థ వాడే ఎక్స్-13 అనే ప్రోగ్రాము ఈస్టర్ ఏటా తేదీ మారే సంగతిని లెక్కలోకి తీసుకుంటుంది. కదిలే పండగల్ని చేర్చుకోవడానికి అదే సంస్థ విడిగా ఒక సాధనాన్ని కూడా ఇచ్చింది. ఫేస్‌బుక్ 2017లో అందరికీ ఉచితంగా విడుదల చేసిన ప్రాఫెట్‌లో మన పండగల జాబితా మనమే ఇవ్వొచ్చు, పండగకు ముందు, వెనుక ఎన్ని రోజులు ప్రభావం ఉంటుందో చెప్పొచ్చు, కావాలంటే 584 రోజుల ఆవృత్తిని కూడా చేర్చొచ్చు. కావలసిన తిథుల పట్టిక కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ ఏటా తెలుగుతో సహా అనేక భాషల్లో తెచ్చే రాష్ట్రీయ పంచాంగంలో ఉంది. ఆ పంచాంగం భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా నాయకత్వంలో 1952లో ఏర్పడిన క్యాలెండర్ సంస్కరణ సంఘం చలవ. దేశంలో వాడుకలో ఉన్న పంచాంగాలన్నింటినీ పోగేసి, ఖగోళ గణితంతో సరిచూసిన పని అది. డెబ్బై ఏళ్ల తర్వాత ఒక బస్సు డిపో కంప్యూటరుకు అది అందకపోవడం విడ్డూరం.

చేయాల్సిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రతి రోజు అంకె పక్కన కొన్ని గడులు ఉండాలి. వారం, తిథి, దగ్గర్లోని పండగకు ఎన్ని రోజుల దూరం, బడి సెలవా కాదా, ముహూర్తముందా లేదా, ఆ రోజు టికెట్లు అయిపోయాయా, చార్జీ గానీ నిబంధన గానీ ఎప్పుడు మారింది అన్నవి. అప్పుడు దసరాకు మూడు రోజుల ముందును దసరాకు మూడు రోజుల ముందుతోనే పోల్చవచ్చు. ఒక్క నిరుటితో కాకుండా నాలుగైదేళ్లతో కలిపి పోల్చవచ్చు. రోజుకు 400 టికెట్లు అమ్ముడయ్యే రూటులో ఏ కారణమూ లేకుండానే 20 టికెట్లు అటూఇటూ కావడం సహజం, అదే 5 శాతం. జనం కుటుంబాలతో కలిసి ప్రయాణిస్తారు కాబట్టి ఆ ఊగిసలాట నిజానికి ఇంకా ఎక్కువే ఉంటుంది. అంతకన్నా చిన్న మార్పు కనబడగానే బస్సు రద్దు చేస్తే దెబ్బతినేది చివరి ఊరివాళ్లు.

ఈ గడులున్న లెక్కలు బయటికి కూడా రావాలి. ప్రజాధనంతో నడిచే సంస్థలు పండగ అయ్యాక ‘ఇన్ని లక్షల మందిని చేరవేశాం, ఇంత శాతం ఎక్కువ’ అని ప్రకటనలిస్తాయి. రోజువారీ, రూటువారీ అంకెలు మాత్రం కాలేజీ విద్యార్థికి గానీ పరిశోధకుడికి గానీ దొరకడం కష్టం. దొరికితే పైన చెప్పిన పొరపాట్లను వారే పట్టిస్తారు.

2027 జూన్ చివర్లో గోదావరి పుష్కరాలు మొదలవుతాయి. గురుడు సూర్యుడి చుట్టూ తిరగడానికి 11.86 ఏళ్లు పట్టడం వల్ల వచ్చే పన్నెండేళ్ల ఆవృత్తి ఇది. పోల్చడానికి ఉన్నది 2015 జులై ఒక్కటే. ఆ పుష్కరాల తొలి రోజున రాజమహేంద్రవరంలో తొక్కిసలాట జరిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. అప్పటికి మహిళలకు ఉచిత బస్సు లేదు. అప్పటి బస్సు, రైలు టికెట్ల రోజువారీ లెక్కలను ఇప్పుడే వెతికి తీసి, ఏ రోజు ఏ స్టేషనులో ఎంతమంది దిగారో తిథులతో సహా పట్టిక కట్టి, ఆ తర్వాత మారిన నియమాలను పక్కన రాసిపెడితే 2027కు ఒక పనికొచ్చే ‘పోయినసారి’ తయారవుతుంది. ఆ కాగితాలు ఏ డివిజన్ కార్యాలయం బీరువాలో ఉన్నాయో అడగాల్సిన సమయం ఇదే.